పదమూడేళ్లూ ఒకే బడి

ఏటా ఏప్రిల్ రెండో వారంలో మా బడి రిజిస్ట్రారు నాకొక జాబితా పంపుతుంది. ఆ ఏడు పన్నెండో తరగతి పూర్తి చేస్తున్న వారిలో ఒకటో తరగతికి ముందు ఉండే కిండర్‌గార్టెన్ మొదటి రోజు నుంచి ఇక్కడే చదివిన పిల్లల పేర్లు అందులో ఉంటాయి. తొంభై చిల్లర మందిలో అలాంటివారు ఇరవై మంది తేలితే గొప్ప. వీళ్లను ఇక్కడ లైఫర్లు అంటారు. అమెరికాలోని ప్రైవేటు బడుల్లో చాలాచోట్ల ఉన్న ఆనవాయితీయే ఇది. కాకపోతే ఎవరి తీరు వారిది. కొన్ని బడుల్లో ప్రిన్సిపాలుతో కలిసి ఉదయం ఫలహారం పెడతారు, కొన్నిచోట్ల పేరు చెక్కిన ఇటుకను నడవాలో పరుస్తారు, కొన్నిచోట్ల మెడలో పతకం వేస్తారు. మా దగ్గర గౌనుకు గుచ్చుకునే చిన్న పిన్ను, ఒక ఫొటో. పిన్ను సంగతి ఆఫీసువాళ్లు చూసుకుంటారు. ఫొటో బాధ్యత నాది.

నేను అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఈ బడి లైబ్రరీలో సహాయకురాలిని. సివిల్ ఇంజినీరింగ్ చదివి పిల్లల బొమ్మల పుస్తకాలు సర్దుతున్నానని మా పిన్నికి ఇప్పటికీ బాధే. భర్త ఉద్యోగ వీసాకు అనుబంధంగా ఇచ్చే హెచ్-4 వీసా మీద వచ్చిన నాలాంటివాళ్లలో కొందరికి పని చేసుకునే అనుమతి 2015 మే నెలలో గానీ రాలేదు. అప్పటిదాకా ఇంట్లో కూర్చుని కూర్చుని ఉన్నదాన్ని, ఏ ఉద్యోగం ముందు దొరికితే అందులో చేరిపోయాను. ఇక్కడ పనిచేసేవారి పిల్లలకు ఫీజులో పెద్ద రాయితీ ఉంటుంది. లేకపోతే ఏడాదికి ముప్పై వేల డాలర్ల పైమాటే అయ్యే ఈ బడి మెట్లు మావాడు ఎక్కేవాడు కాదు. మన తెలుగువాళ్లు అట్లాంటా శివార్లలో ఆల్ఫరెట్టాలోనో జాన్స్ క్రీక్‌లోనో ఇల్లు కొనేది అక్కడి ప్రభుత్వ బడులను చూసుకునే కదా. మావాడు మూడో తరగతిలో చేరాడు కాబట్టి ఎన్నేళ్లు చదివినా లైఫరు కాడు. అందువల్ల ఈ జాబితా విషయంలో నాకు స్వార్థం లేదని మా రిజిస్ట్రారుకు గట్టి నమ్మకం.

ఫొటో పద్ధతి ఇది. కిండర్‌గార్టెన్ మొదటి రోజున టీచరు తన తరగతి పిల్లలందరినీ చిన్న పిల్లల భవనం ముందు మెట్ల మీద మూడు వరుసల్లో నిలబెట్టి ఫొటో తీయిస్తుంది. పదమూడేళ్ల తర్వాత మే నెలలో, అవే మెట్ల మీద, ఎవరు ఎక్కడ ఉన్నారో అక్కడే నిలబెట్టి, నల్ల గౌన్లతో మళ్లీ తీయిస్తాం. రెండూ పక్కపక్కన ముద్రించి ఇళ్లకు పంపుతాం. వినడానికి తేలికే. పాత ఫొటో వెతికి పట్టుకోవడంలోనే ఉంది పనంతా. 2004 దాకా తీసినవి అట్టపెట్టెల్లో కాగితం ఫొటోలుగా ఉన్నాయి. ఆ తర్వాతివి సీడీల్లోకి ఎక్కాయి. సీడీ చదవగలిగే కంప్యూటరు ఇప్పుడు బడి మొత్తానికి ఒక్కటే ఉంది, నా బల్ల కింద. దాన్ని పారేస్తామని సాంకేతిక విభాగం వాళ్లు వచ్చినప్పుడల్లా దాని మీద కాళ్లు చాపుకుని కూర్చుంటాను.

2012 ఆగస్టులో తీసిన ఒక ఫొటో గురించి చెప్పాలి. నిరుడు మే నెలలో చదువు ముగించిన పిల్లలది అది. జార్జియాలో బడులు ఆగస్టు మొదట్లోనే తెరుస్తారు, ఎండ ఇంకా మండుతూనే ఉంటుంది, పిల్లలందరూ కళ్లు చికిలించి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఎర్ర కాగితంతో కత్తిరించిన ఆపిల్ పండు, దాని మీద టీచరు గుండ్రటి అక్షరాలతో రాసిన పేరు. పై వరుసలో ఒకడు తన ఆపిల్‌ను అప్పటికే నలిపేశాడు. మధ్య వరుసలో ఇద్దరు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు, వాళ్లలో ఒకడు ఏడ్చి అప్పుడే ఆపినట్టు తెలుస్తోంది. కింది వరుస చివర రెండు జడల పిల్ల. కుడి చెప్పు ఎడమ కాలికి, ఎడమ చెప్పు కుడి కాలికి. ఆపిల్ తలకిందులుగా పట్టుకుంది. జడలకు తెల్ల రిబ్బన్లు, మన ప్రభుత్వ బడి పిల్లల్లాగా మడిచి కట్టినవి. ఆ రిబ్బన్లు చూడగానే వాళ్ల అమ్మ ఏ దేశం నుంచి వచ్చిందో ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు.

రిజిస్ట్రారు జాబితాలో ఆ రిబ్బన్ల పిల్ల పేరు లేదు. బడి మారిందేమో అనుకున్నాను, ఇక్కడివాళ్లు మారడం మామూలే. కానీ పన్నెండో తరగతి పేర్లన్నీ చూస్తే ఉంది. వారానికి రెండుసార్లయినా లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చుని రసాయనశాస్త్రం చదువుకునే అమ్మాయే ఆమె.

తర్వాతి వారం వాళ్ల నాన్న వచ్చాడు. సాయంత్రం, లైబ్రరీ మూసే వేళ.

“నమస్కారమండీ. మీరు తెలుగువారని మా అమ్మాయి చెప్పింది. ఒక మాట అడగవచ్చా?”

కూర్చోమన్నాను. హన్మకొండ వాళ్లట. 2014 వేసవిలో తమ్ముడి పెళ్లికని కుటుంబమంతా వెళ్లారు. తిరిగి వచ్చేముందు వీసా ముద్ర కోసం కాన్సులేటుకు వెళితే 221(జి) కాగితం చేతిలో పెట్టి, మరింత పరిశీలించాలి, ఆగమన్నారు. ఇంకో నెల, ఇంకో నెల అంటూ గడిచింది. పిల్ల చదువు పోతుందని తాతగారి ఇంటికి దగ్గరున్న బడిలో రెండో తరగతిలో వేశారు. ఆ ఏడు అక్కడే పూర్తయింది. మూడో తరగతికి మళ్లీ ఇక్కడికి వచ్చి చేరింది. పన్నెండేళ్లు ఈ బడి, ఒక్క ఏడు హన్మకొండ.

“నిబంధన రాసినవాళ్లను తప్పుపట్టడం లేదండీ. కానీ 2020 మార్చి నుంచి నెలల తరబడి ఏ పిల్లా ఈ బడికి రాలేదు. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్నారు. దాన్ని ఎవరూ లెక్కలోంచి తీసెయ్యలేదు కదా. మా అమ్మాయి కావాలని మానలేదు.”

ఈ వాదనకు నా దగ్గర జవాబు లేదు. ఆ మాటకొస్తే ఈ నిబంధన గురించి ఏటా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. జనవరిలో చేరినవాడు లెక్కలోకి వస్తాడా? పదో తరగతిలో ఒక సెమిస్టరు స్పెయిన్ వెళ్లి చదివిన పిల్ల? మూడేళ్ల వయసు నుంచి ప్రీస్కూలు కూడా ఇక్కడే చదివినవాళ్లకు కాస్త పెద్ద గుర్తింపు ఉండవద్దా? స్పెయిన్ వెళ్లిన పిల్లను లెక్కలోకి తీసుకున్నారు, బడే పంపింది కాబట్టి. హన్మకొండకు బడి పంపలేదు.

ఆయన వెళ్లాక చాలాసేపు నాకు మా నాన్న గుర్తుకొచ్చాడు. నాన్న తహసీల్దారు కార్యాలయంలో గుమాస్తా. నూజివీడు, తిరువూరు, నందిగామ, గుడివాడ, బదిలీ అయినప్పుడల్లా నా చేతిలో టీసీ. ఎంసెట్ రాశాక కౌన్సెలింగుకు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు తెమ్మన్నారు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి, ఆ స్థానికత తేల్చేది పిల్ల ఎక్కడ చదివిందన్న కాగితాలే. నాన్న సెలవు పెట్టి, ఆర్టీసీ బస్సుల్లో ఊరూరూ తిరిగి సంతకాలు చేయించుకొచ్చాడు. తిరువూరుకు నన్నూ తీసుకెళ్లాడు. హెడ్మాస్టరు గారు బీరువాలోంచి అడ్మిషన్ రిజిస్టరు తీయించారు, తిరగేస్తుంటే అట్ట ఊడి చేతికొచ్చింది. నా పేరు, చేరిన తేదీ నీలం సిరాతో, వెళ్లిన తేదీ ఎర్ర సిరాతో. నా పేరు పైనా కిందా ఉన్న గడుల్లో వెళ్లిన తేదీలు నాకన్నా ఏళ్ల తర్వాతివి. వాళ్లు అక్కడే పదో తరగతి దాకా చదువుకున్నారు మరి. “మీ అమ్మాయి మంచి మార్కులు తెచ్చుకునేదండీ, ఉన్నన్నాళ్లూ” అన్నారాయన. నాన్న ఆ ఆఖరి మాట విననట్టే నవ్వి, సర్టిఫికెట్ మీద సీలు పడిందో లేదో చూసుకున్నాడు.

ఇప్పుడు మన ఊళ్లలో పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలు ఎంత జోరుగా జరుగుతున్నాయో తెలిసిందే. ఫలానా సంవత్సరం పదో తరగతి బ్యాచ్ అని పెద్ద బ్యానరు, రిటైరైన మాస్టార్లకు శాలువాలు, మధ్యాహ్నం భోజనాలు, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో. నన్ను నందిగామ బ్యాచ్ వాళ్లూ గుడివాడ బ్యాచ్ వాళ్లూ వాట్సాప్‌లో చేర్చుకున్నారు. ప్రేమగానే పలకరిస్తారు. కానీ ఐదో తరగతిలో ఎవరో బావిలో చెప్పు పడేసిన కథ మొదలుపెట్టి అందరూ పడిపడి నవ్వుతుంటే, నేనూ నవ్వే బొమ్మ ఒకటి పెట్టి ఫోను పక్కన పెడతాను. ఆ కథ నాటికి నేనింకా ఆ ఊరు చూడలేదు.

ఇందువల్లేనేమో, ఈ లైఫర్ల పండుగ మీద నాకు ముచ్చటా ఉంది, గుర్రూ ఉంది. పదమూడేళ్లు ఒకేచోట చదవడం పిల్లల ఘనత కాదు. నాన్న ఉద్యోగం ఊడకపోవడం, అమ్మానాన్నలు విడిపోకపోవడం, ఇంటి అద్దె పెరగకపోవడం, ఎవరి వీసా ఎక్కడా ఆగకపోవడం, ఇన్ని కలిసొస్తే గానీ ఒక పిల్లవాడు లైఫరు కాడు. మా వంటశాలలో పనిచేసే ఆవిడ కూతురు కూడా ఒక ఏడాది ఆ జాబితాలో ఉంది. ఆ ఫీజు రాయితీ వదులుకోలేక ఆవిడ అంతకన్నా మంచి జీతం వచ్చే హోటలు పనిని కాదనుకుంది. ఆ పిన్ను నిజానికి ఎవరి గౌనుకు పెట్టాలో ఆ రోజు బడిలో అందరికీ తెలుసు.

ఇంకో చిక్కు కూడా ఉంది. జాబితాలో ఏటా ఒకరిద్దరు మన పిల్లలు ఉంటారు. పదమూడేళ్లు చదివి, బడి వాళ్లను మావాళ్లని వేదిక ఎక్కించి పిన్ను పెడుతుంది. వాళ్లలో కొందరు ఇంకా తండ్రి హెచ్-1 ఉద్యోగ వీసా మీద ఆధారపడిన హెచ్-4 పిల్లలే. ఏ దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వని గ్రీన్‌కార్డుల వరసలో భారతీయులు ఏళ్ల తరబడి నిలబడి ఉంటారు. పిల్లకు ఇరవై ఒకటి నిండేలోపు వంతు రాకపోతే ఆ హెచ్-4 చెల్లదు. విద్యార్థి వీసాకు మారాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. కిండర్‌గార్టెన్ మెట్ల మీద కాగితం ఆపిల్ పట్టుకుని నిలబడిన పిల్ల, కాలేజీకి వచ్చేసరికి విదేశీ విద్యార్థిని అవుతుందన్నమాట. ఈ సంగతి మా ప్రధానోపాధ్యాయురాలికి చెబితే మొదట నమ్మలేదు. చాలామంది నమ్మరు.

సరే, ఫొటో దగ్గరికి వస్తాను. వాళ్ల నాన్న వచ్చి వెళ్లిన రెండు రోజులకు ఆ రిబ్బన్ల అమ్మాయే నా బల్ల దగ్గరికి వచ్చింది.

“ఆంటీ, నాన్న మీ దగ్గరికి వచ్చారా?”

“వచ్చారమ్మా.”

“నాకు పిన్ను వద్దు ఆంటీ. నాన్నకు ఎన్నిసార్లు చెప్పినా వినరు. కానీ ఆ ఫొటోలో నేనున్నాను కదా. అందరూ నిలబడుతుంటే నేను ఎదురుగా నిలబడి చూడాలా?”

చెప్పులు తారుమారుగా వేసుకున్న ఆ ఫొటో తీసి చూపించాను. చూసి పడీపడీ నవ్వింది. ఆ రోజు అమ్మ ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చి, నాన్నే తయారు చేశాడట. జడలు వేయడానికి హన్మకొండ నానమ్మ ఫోనులో దారి చెబుతూ ఉందట. అందుకే ఆ రిబ్బన్లు.

నేను చిన్న పిల్లల విభాగం అధిపతి దగ్గరికి వెళ్లాను. ఆవిడ మంచి మనిషి, కానీ నిబంధన అంటే ప్రాణం. “ఇది లైఫర్ల ఫొటో కదా” అంది. “కాదు, ఆ రోజు ఆ మెట్ల మీద నిలబడినవాళ్ల ఫొటో. వాళ్లలో ఇప్పుడు ఇక్కడ ఉన్నవాళ్లంతా నిలబడాలి” అన్నాను. పిన్ను నిబంధన జోలికి నేను పోలేదు. నియమం ఒకసారి సడలిస్తే స్పెయిన్ నుంచి ప్రీస్కూలు దాకా అందరూ వరస కడతారని నాకూ తెలుసు. ఆవిడ కాసేపు ఆలోచించి, పిన్ను ఆఫీసుది, ఫొటో లైబ్రరీది, నీ ఇష్టం అంది. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు. వాదించడానికి మరో నాలుగు పాయింట్లు సిద్ధం చేసుకుని వెళ్లాను, అవన్నీ దండగ.

ఫొటో రోజు ఉదయం ముందుగా ఊరేగింపు ఉంటుంది. పెద్ద పిల్లలు గౌన్లు వేసుకుని చిన్న పిల్లల భవనంలో నడుస్తారు. నడవాకు రెండువైపులా ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలు గోడకు ఆనుకుని కూర్చుని చప్పట్లు కొడతారు, చేతులు చాపి అరచేతులు తాకిస్తారు. ఆరడుగుల బాస్కెట్‌బాల్ ఆటగాడు తన పాత తరగతి గది ముందు నీళ్ల కుళాయి చూసి, “ఇది ఇంత కిందికి ఉండేదా?” అని ఏటా ఎవరో ఒకరు అనే మాటే అంటాడు. రిటైరైన కిండర్‌గార్టెన్ టీచరు ఆ రోజుకు ఎక్కడున్నా వస్తుంది. ఆవిడకు అందరి పేర్లూ గుర్తే. పైగా ఎవరికి ఏ పురుగంటే భయమో కూడా.

ఈ గౌన్ల సంగతి కూడా ఒకటి. అమెరికా కళాశాలలు ఏ పట్టాకు ఏ గౌను అని నియమాలు రాసుకున్నది 1895లో. తర్వాత హైస్కూళ్లు, ఇప్పుడు కిండర్‌గార్టెన్లు కూడా తొడిగేస్తున్నాయి. మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా! మా అక్క మనవరాలికి విజయవాడలో యూకేజీ పూర్తయిన రోజున నల్ల గౌను, కుచ్చు టోపీ వేసి, చేతిలో చుట్టిన కాగితం పెట్టి ఫొటో తీసి పంపారు. మే నెల ఎండలో. ఆ పిల్ల ముఖంలో పట్టా పుచ్చుకున్న ఆనందం కన్నా ఎప్పుడు విప్పుతారా అన్న ఆత్రమే కనిపించింది.

వేదిక మీది కార్యక్రమం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, అన్ని బడుల్లోనూ ఒకటే. ఎల్గార్ అనే ఇంగ్లండు స్వరకర్త 1901లో కట్టిన కవాతు బాణీని మా బడి వాద్యబృందం ఆపకుండా వాయిస్తూనే ఉంటుంది, ఆఖరి పిల్ల కుర్చీలో కూర్చునేదాకా. 1905లో యేల్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చినప్పుడు ఇదే వాయించారట. అప్పటి నుంచి దేశమంతా పట్టుకుంది. ఇంగ్లండులో అదే బాణీకి మాటలు కట్టి దేశభక్తి గీతంగా పాడుకుంటారు. లైఫర్లు లేచి నిలబడండి అనగానే ఇరవై మంది దాకా లేచారు, చప్పట్లు మోగాయి. ఆ అమ్మాయి లేవలేదు. రెండు వరుసల వెనక వాళ్ల నాన్న చప్పట్లు కొట్టాడా లేదా అని చూడాలనుకున్నాను గానీ, నా ముందు కూర్చున్నావిడ టోపీ అడ్డు వచ్చింది.

మెట్ల దగ్గర మాత్రం ఎవరూ ఎవరికీ చోటు చెప్పనవసరం లేకపోయింది. పాత ఫొటోను పెద్దదిగా తీయించి బల్ల మీద ఆనించి పెట్టాను. పిల్లలే చూసుకుని ఎక్కేశారు. ఆపిల్ నలిపినవాడికి ఎవరో అప్పటికప్పుడు నోటు పుస్తకం కాగితం ఉండ చుట్టి చేతిలో పెట్టారు. చెయ్యి చెయ్యి పట్టుకున్న ఇద్దరిలో ఒకడు ఆరో తరగతిలో టెక్సస్ వెళ్లిపోయాడు. రెండోవాడు పక్కన ఒక మనిషికి పట్టేంత చోటు వదిలి నిలబడ్డాడు. ఫొటోగ్రాఫరు దగ్గరగా జరగమని రెండుసార్లు అడిగాడు. జరగలేదు. కింది వరుస చివర రిబ్బన్ల పిల్ల బూట్లు విప్పి, కుడిది ఎడమ కాలికి, ఎడమది కుడి కాలికి తొడుక్కుని నిలబడింది.

ప్రింటు ఇంటికి పంపాక వాళ్ల నాన్న ఫోను చేశాడు. ధన్యవాదాలు చెప్పి, అసలు ఫైలు పెద్దది కావాలన్నాడు, హన్మకొండలో ఫ్రేము కట్టించి ముందు గదిలో పెడతారట. పంపాను. పిన్ను మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఈ ఏడాది జాబితా మొన్ననే వచ్చింది. కవలల పంచాయితీ ఒకటి తగులుకుంది. ఇద్దరూ కిండర్‌గార్టెన్‌లో ఒకే రోజు చేరారు. అక్క నిరుడే ముగించి పిన్ను తీసుకుని వెళ్లింది. తమ్ముడిని కిండర్‌గార్టెన్‌లోనే ఇంకో ఏడు కూర్చోబెట్టారు కాబట్టి ఇప్పుడు బయటికొస్తున్నాడు. పదమూడేళ్లకు పిన్ను అని రాసుకున్నారు గానీ పద్నాలుగేళ్లకు ఏమివ్వాలో ఎక్కడా లేదు. పైగా వాడు కనిపించే ఫొటోలు రెండున్నాయి, ఏ మెట్టు మీద నిలబెట్టాలో తేలక రిజిస్ట్రారు నన్నడిగింది. నేను వాడినే అడిగాను. రెండింటిలోనూ నిలబడతానన్నాడు. వెళుతూ వెళుతూ తలుపు దగ్గర ఆగి, అక్క పిన్ను కంటే తనది పెద్దదిగా ఉంటుందా అని కనుక్కోమన్నాడు.